ఆ ఫొటో కింద ఒక తీసివేత లెక్క

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ జిల్లా ఎడిషన్‌లో మావోయిస్టుల లొంగుబాటు వార్త వచ్చినప్పుడల్లా నేను పెన్సిల్ తీస్తాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన చెయ్యి, ఊరుకోదు. పేరు పక్కన వయసు వేస్తారు, పార్టీలో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో వేస్తారు. 24, పన్నెండేళ్లుగా. 21, తొమ్మిదేళ్లుగా. 26, పదిహేనేళ్లుగా. ఇలాంటి అంకెలే ఉంటాయి ఎప్పుడూ. నేను మార్జిన్‌లో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసి రాసుకుంటాను: 12, 12, 11. మా బళ్లో అది ఐదు, ఆరు తరగతుల వయసు.

మీ విలేకరిని తప్పు పట్టడం లేదు. ప్రెస్‌నోట్‌లో ఉన్నది ఉన్నట్టు వేశారు. కానీ ‘పన్నెండేళ్లుగా అజ్ఞాతంలో’ అని చదవగానే కాకలు తీరిన తీవ్రవాది ఎవరో గుర్తొస్తాడు. ఒక్క తీసివేత చేసి చూడండి, అక్కడ గుండీలు ఊడిన చొక్కా వేసుకుని ప్లేటు పట్టుకుని మెస్ ముందు లైన్లో నిలబడ్డ పిల్లాడు ఉంటాడు. ఆ పిల్లాడు ఎలా వెళ్లాడో, మేం ఎలా వెళ్లనిచ్చామో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను 1989లో భద్రాచలం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో టీచరుగా చేరి 2019లో రిటైరయ్యాను. సర్వీసులో సగం చర్ల వైపే గడిచింది. తాలిపేరు వాగు అవతలి ఊళ్ల నుంచి, ఇంకా లోపలి నుంచి పిల్లలు వచ్చి చదివే ఆశ్రమ పాఠశాలల్లో. బడి పేరు, పిల్లల పేర్లు రాయను. ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి.

2005 జూన్‌లో సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో, ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీద సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. ఒకవైపు జుడుం క్యాంపులు, ఇంకోవైపు అన్నలు, అంటే మావోయిస్టులు. ఆ రెంటి మధ్య ఉండలేక వేలమంది నెత్తిన మూటలు పెట్టుకుని ఇటొచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నారు. మనవాళ్లు వాళ్లను గుత్తికోయలు అంటారు. వాళ్లు తమను తాము ఆ పేరుతో పిలుచుకోగా నేనైతే వినలేదు. వాళ్ల పిల్లలు కొందరు మా బడికి వచ్చారు. తెలుగు రాదు. కులం సర్టిఫికెట్ లేదు, ఎందుకంటే వలస వచ్చినవాళ్లు కాబట్టి ఇక్కడ ఎస్టీలుగా లెక్కలోకి రారు. పుట్టిన తేదీ అడిగితే తండ్రి ‘ఇప్పపూలు రాలేటప్పుడు’ అనేవాడు. మేం అందరికీ జూన్ ఒకటో తారీకు వేసేవాళ్లం.

అందులో ఒకణ్ణి స్టాఫ్ రూములో ‘ఎక్కాలోడు’ అనేవాళ్లం. తెలుగులో మంచినీళ్లు అడగడం కూడా సరిగా రాదు గానీ, ఇరవై ఎక్కం దాకా పాటలా పాడేసేవాడు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న కోత మచ్చ. ఐదో తరగతి. 2008 సంక్రాంతి సెలవులయ్యాక నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. చేతికి నల్ల ప్లాస్టిక్ వాచీ, పెద్దవాళ్లది. జారిపోతుంటే మోచేతి దాకా తోసుకుని పెట్టుకున్నాడు. చొక్కా లోపల దారానికి ఒక విజిల్.

“ఎవరిచ్చార్రా?” అన్నాను.

“అన్న ఇచ్చిండు సార్.”

ఆ మాటకు మా వైపు రెండర్థాలున్నాయి. ఏళ్ల తరబడి ఆ ప్రాంతంలో ఉన్న నాకు రెండోది తెలియక కాదు. మొదటి అర్థమే తీసుకుంటే ఆ పూట గడిచిపోతుంది. అదే తీసుకున్నాను.

తర్వాత ఒక సాయంత్రం ప్రహరీ మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. నన్ను చూసి దిగి వచ్చి, “ఇయ్యాల ఆరు బండ్లు పోయినయ్ సార్. బండికి ఇద్దరు. ఒక బండి మీద ముగ్గురు” అన్నాడు. “అయితే మొత్తం ఎంతమంది?” అన్నాను. రెప్ప వేయకుండా “పదమూడు” అన్నాడు. నేను వాడి వీపు తట్టి శెభాష్ అన్నాను. ఆ వీపు తట్టిన చెయ్యి నాకిప్పటికీ గుర్తొస్తుంది.

మరో వారానికి క్లాసులో లేచి ఒక లెక్క అడిగాడు. వాగు దగ్గర్నుంచి ఫలానా ఊరికి మనిషి నడిస్తే ఎంతసేపు, బండి మీద పోతే ఎంతసేపు? కాలం దూరం లెక్కలు ఐదో తరగతిలో నేను అప్పటికి చెప్పనే లేదు. వాడికది ఎక్కడి నుంచి వచ్చింది? ఆరు బండ్లు, పదమూడు మంది, వాచీ, విజిల్ అన్నీ అప్పుడు ఒక వరసలోకి వచ్చాయి. నేను నేర్పిన ఎక్కాలకు నాకంటే ముందు ఎవరో ఉద్యోగం చూపించారు.

ఏం చేశానంటారా? హెడ్మాస్టరుకు చెప్పాను. “మనకెందుకండీ, అటు చెప్తే ఒక గొడవ, ఇటు చెప్తే ఒక గొడవ” అన్నారాయన. నిజానికి ఆ మాటే నేనూ వినాలనుకున్నాను. ఫిబ్రవరిలో తాత చనిపోయాడని ఇంటికెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. వాడు వెళ్లిన తర్వాత దాదాపు రెండు నెలలు హాజరు పట్టీలో వాడు బళ్లోనే ఉన్నాడు. స్ట్రెంత్ తగ్గితే మెస్ చార్జీలు తగ్గుతాయి, బియ్యం తగ్గుతాయి. అందుకని లేని పిల్లలకు కూడా హాజరు పడేది. ఇది మా ఒక్క బళ్లోనే జరిగిందనుకోవద్దు. ఆ పేజీల కింద నా సంతకమూ ఉంది. రిజిస్టర్‌లో వాడు రోజూ రెండు పూటలా అన్నం తిన్నాడు, ఆదివారం గుడ్డు కూడా తిన్నాడు. ఆ రెండు నెలల్లో ఎవరైనా వాళ్ల గూడేనికి వెళ్లి ఉంటే వాడు బహుశా ఇంకా ఇంట్లోనే, మేకల వెనకే ఉండేవాడు. వెళ్లడానికి కారణమే లేకుండా చేశాం. కాగితం మీద పిల్లాడు తప్పిపోలేదు కదా.

అసలు ఎలా తీసుకెళ్తారో నాకు పూర్తిగా అర్థమైంది 2016లో, ఒక యువకుడు బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు. వేరే సంవత్సరం వాడు, మా బళ్లోనే నాలుగు దాకా చదివాడట. నాకు ముఖం గుర్తులేదు. పార్టీలోంచి బయటికి వచ్చేశాడు, ఆధార్‌కు పుట్టిన తేదీ రుజువు కావాలన్నారు. పాత అడ్మిషన్ రిజిస్టర్ దుమ్ము దులుపుతూ అడిగాను, నిన్ను బలవంతంగా తీసుకెళ్లారా అని. లేదన్నాడు. డబ్బులిచ్చారా? లేదు. మరి?

“వాళ్లు నా పేరు అడిగిన్రు సార్. తర్వాత, నీకేం వచ్చు అని అడిగిన్రు. పాట వచ్చన్నా. పాడమన్నరు. అందరూ కూసుని విన్నరు.”

బళ్లో నాలుగేళ్లున్నాడు. అతనికి పాట వచ్చని మాకు తెలియదు.

వర్గం, దోపిడీ, విప్లవం అనే మాటలు పదేళ్ల పిల్లాడికి ఎక్కడం వల్ల పిల్లలు వెళ్తారనుకుంటే పొరపాటు. అవన్నీ తర్వాత నేర్పుతారు. మొదట నేర్పేది పాట, ఆట, కర్రను తుపాకిలా భుజాన వేసుకుని లైన్లో నడవడం. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ 2008లో ఛత్తీస్‌గఢ్ మీద వేసిన నివేదికలో ఈ మెట్లన్నీ వివరంగా ఉన్నాయి. ఆరు నుంచి పన్నెండేళ్ల దాకా బాలల సంఘం. పోలీసులు వస్తున్నారేమో చూసి చెప్పడం అక్కడే మొదలవుతుంది. పన్నెండు దాటాక సాంస్కృతిక బృందం, ఊరి సంఘం, మిలీషియా. ఆ తర్వాత దళం. ఎక్కడా పెద్ద గంతు ఉండదు. ప్రతి మెట్టూ కిందిదానికంటే కొంచెమే ఎత్తు. ఏ రోజు తాను బడిపిల్లాడు కాకుండా పోయాడో ఆ పిల్లాడికే తెలియదు.

2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నేత హిడ్మా చనిపోయినప్పుడు టీవీలన్నీ ఆయన చేసిన దాడుల జాబితా చదివాయి. సుక్మా జిల్లా పువర్తి ఊరివాడు, 90ల్లో బాలల సంఘంతోనే ఆయన దారి మొదలైందని పత్రికల్లో ఒక వాక్యం కూడా వచ్చింది. అందరూ దాటేసిన ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. అప్పట్లో ఆ ఊళ్లో ఒక టీచరు రోజూ తలుపు తీసిన బడి ఒకటి ఉంటే కథ మారేదని నేను అనను. అంత సులువుగా మారే కథ కాదది. కానీ ‘నీకేం వచ్చు’ అని అడిగే మొదటి మనిషి ఎవరన్నది మాత్రం మారేదేమో.

పార్టీవాళ్లు తమ సైన్యంలోకి 16 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకుంటామని చెబుతూ వచ్చారు. సరే, ఆ మాటే నమ్ముదాం. సాయుధ పోరాటాల్లోకి పిల్లలను దించరాదన్న ఐక్యరాజ్య సమితి ఒప్పందం 2002లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2005లో ఆమోదించింది. ప్రభుత్వ సైన్యం కాని సాయుధ సంస్థలు 18 లోపు వాళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ చేర్చుకోరాదు, వాడుకోరాదు అని అందులో ఉంది. విజిల్ ఇచ్చి రోడ్డు మీద బండ్లు లెక్కపెట్టించడం కూడా వాడుకోవడమే. తుపాకి పట్టుకున్నవాడిని చూడగానే పోలీసులకు శత్రువు కనిపిస్తాడు. విజిల్ పట్టుకున్నవాడు కనిపించినా అంతే. తేడా ఏమిటంటే రెండోవాడి దగ్గర తిరిగి కాల్చడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ మా వైపు పుట్టి పెరిగినవాళ్లు ఒక మాట అంటారు, అది కూడా రాయాలి. అన్నలు ఊరికే పలుకుబడి సంపాదించలేదు. 1980లో నక్సలైట్ పార్టీ అయిన పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి బస్తర్ వెళ్లిన కాలంలో ఫారెస్టు గార్డు కోడి అడిగితే కోడి, మేక అడిగితే మేక ఇవ్వాల్సిందే. తునికాకు కట్టకు కాంట్రాక్టరు ఇచ్చిందే రేటు. ఆ రేటు పెంచింది వీళ్లే, ఆ గార్డును ఊళ్లోకి రాకుండా చేసింది వీళ్లే. తండ్రి ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడో, ఆ మనిషి ఇంకొకరిని చూసి పారిపోవడం పిల్లలు కళ్లారా చూశారు. అది చూసిన పిల్లాడికి నేను బ్లాక్‌బోర్డు మీద రాసే పాఠం ఏపాటి? తర్వాత్తర్వాత ‘ఇంటికొకరు’ అన్న ఒత్తిడి వచ్చింది, ఇవ్వనంటే ఊళ్లో బతకడం కష్టమైంది, ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో ప్రజాకోర్టుల్లో ప్రాణాలు పోయాయి. అదీ నిజం, ఇదీ నిజం. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ల మాట ఊళ్లో ఎవరూ వినరు.

ప్రభుత్వం చేతులు శుభ్రంగా ఉన్నాయా అంటే అదీ లేదు. జుడుం రోజుల్లో సరిహద్దు అవతల ఎస్పీవోలు, అంటే ప్రత్యేక పోలీసు అధికారుల పేరుతో కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చారు. శబరి ఒడ్డున ఉన్న కొంట వైపు వెళ్లొచ్చినవాళ్లు, తుపాకి కంటే అంగుళం పొడుగున్న పిల్లలు కాపలా కాస్తున్నారని చెప్పేవాళ్లు. వయసు రుజువులు లేక 18 లోపు వాళ్లు కొందరు చేరిపోయారని అక్కడి పోలీసు అధికారులే ఒప్పుకున్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ ఎస్పీవోల పద్ధతే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో మన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి ఒకరు. ఐదో తరగతి పాసైతే చాలన్నట్టు ఆదివాసీ కుర్రాళ్లను తీసుకుని, నెలకు మూడు వేలిచ్చి యుద్ధంలోకి తోయడం ఏమిటని ఆ తీర్పు నిలదీసింది. ఐదో తరగతి! మా ఎక్కాలోడి అర్హత కూడా అదే. వాడికి రెండు వైపులా ఖాళీలున్నాయన్నమాట.

మా బడికి ఒక అధికారి వచ్చి పిల్లలకు చాక్లెట్లు పంచడం నేను చూశాను. మంచి మనిషే, మాట కూడా మెత్తన. పంచుతూ పంచుతూ ఒక పిల్లతో, “మీ ఊరికి అన్నలొస్తారా? ఎన్నిసార్లు వచ్చారు?” అన్నాడు. ఆ పిల్ల చాక్లెట్ కాగితం విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. మళ్లీ కాగితం చుట్టేసి, దాన్ని ఆయన చేతిలోనే పెట్టేసింది. పదేళ్ల పిల్లకు తెలిసింది, ఆ చాక్లెట్ ఖరీదెంతో. ఆమె ఏం చెప్పినా, చెప్పకపోయినా, ఎవరో అడిగారన్న సంగతి చీకటి పడేలోపు ఊరికి చేరుతుంది. పిల్లలను సమాచారం అడగడం ఒక్కటి మానేస్తే సగం పిల్లలు బడి మానరు అని నేను ఆ రోజు ఆయనతో అనలేకపోయాను. ఇప్పుడు మీ పత్రిక ద్వారా అంటున్నాను.

మేం ఆపగలిగిన సంఘటన ఒకటే ఒకటి ఉంది. ఆపింది నేను కాదు, మా వంటమ్మ. కోయ మనిషి, అక్షరం ముక్క రాదు. ఏడో తరగతి పిల్ల ఒకతి దసరా సెలవులకు ముందు తన రేకు పెట్టె, దుప్పటి మూడో తరగతి చదివే చెల్లెలికి ఇచ్చేసింది. మేమంతా చూశాం. ఎంత ప్రేమో అనుకున్నాం. వంటమ్మ మాత్రం రాత్రి నా దగ్గరికి వచ్చి, “సారూ, చలికాలం ముంగట దుప్పటి ఇచ్చే పిల్ల ఇక్కడ ఉండే పిల్ల కాదు” అంది.

ఆమే కూర్చోబెట్టుకుని కోయలో మాట్లాడింది. రెండు గంటలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, పొయ్యి దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, ఇంట్లో మేనమామకిచ్చి పెళ్లి చేస్తామన్నారు. ఆ పిల్లకు ఇష్టం లేదు. సంతలో పార్టీ డోలు బృందం అక్క ఒకామె కలిసి, ‘మాతో వస్తే నీకు ఇష్టం లేని పెళ్లి ఎవరూ చేయరు’ అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు, చూశారా. అందుకే ఆ మాట పనిచేస్తుంది. వంటమ్మ ఆ సెలవులకు పిల్లను ఇంటికి పంపలేదు, తన ఇంట్లోనే పెట్టుకుంది. తనే నడిచి వెళ్లి తల్లితో మాట్లాడి పెళ్లి మాట ఆపించింది. నేను వెంట వెళ్లి, ఈ వయసులో పెళ్లి చేస్తే కేసవుతుందని ఒక్క మాట అన్నాను, అంతే నా పాత్ర. ఆ పిల్ల తర్వాత పదో తరగతి తప్పింది. అయితేనేం, ఇప్పుడు ఊళ్లోనే ఉంది, ఇద్దరు పిల్లలు. మొన్న భద్రాచలం బస్టాండులో కనపడి, వంటమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. నన్ను బాగున్నారా అని కూడా అడగలేదు.

ఇంత రాశాక, ఏం చేయాలంటారు మాస్టారూ అని మీరు అడుగుతారు. నాకు తోచినవి చిన్నచిన్నవే. సెలవులయ్యాక మూడో రోజుకి రాని పిల్ల ఇంటికి నాలుగో రోజు మనిషి వెళ్లాలి. ఫోన్ కాదు, మనిషి. వెళ్లొచ్చినందుకు పెట్రోలు డబ్బులివ్వాలి, ఎందుకంటే ఇవ్వకపోతే వెళ్లరు, నేనూ వెళ్లలేదు. హాజరు నిజంగా వేస్తే బియ్యం కోత పడదన్న హామీ హెడ్మాస్టరుకు ఉండాలి. ప్రతి హాస్టల్లో కోయ మాట్లాడే పెద్ద మనిషి ఒకరు, వంటకో కాపలాకో కాదు, పిల్లలతో మాట్లాడటమే పనిగా ఉండాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టారు, కోయ కూడా అందులో ఉంది. ఆ వాచకం తెరిచిన రోజు ఒకటో తరగతి పిల్లలు నవ్విన నవ్వు నేను చూశాను. ఆ పుస్తకాలు మా బళ్లో చివరికి బీరువా ఎక్కాయి.

చట్టం లేదా అంటే ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ ప్రకారం తీవ్రవాద సంస్థ పిల్లలను చేర్చుకున్నా, వాడుకున్నా ఏడేళ్ల దాకా కఠిన జైలు, ఐదు లక్షల జరిమానా. అదే చట్టం సాయుధ ఘర్షణలో చిక్కిన పిల్లలను నేరస్తులుగా కాదు, సంరక్షణ అవసరమైనవాళ్లుగా చూడమంటోంది. నేను రిటైరయ్యేదాకా ఎన్నో ట్రైనింగులకు వెళ్లాను, టీ బిస్కెట్లు తిన్నాను, ఒక్కదాంట్లోనూ ఈ సెక్షన్ మాట వినలేదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయొచ్చని గోడ మీద రాసి ఉండేది. ఆ గోడకు ఎదురుగా ఫోన్ సిగ్నల్ ఉండేది కాదు.

ఇప్పుడు అడవి ఖాళీ అవుతోంది కదా, ఇంకా ఈ గోల ఎందుకని మా అబ్బాయే అన్నాడు. 2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు పోయారు, అక్టోబరులో అదే పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయారు, రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. నిజమే. కానీ హైదరాబాద్‌లో ఎనిమిదో తరగతి చదివే నా మనవడి సంగతి చెప్తాను. మొన్న వేసవిలో వాడు ఫోన్లో ఆడే ఆటలో ఒక ‘అన్న’ పరిచయమయ్యాడు. ముఖం తెలియదు, ఊరు తెలియదు. ఆటలో బాగా కాలుస్తావురా అని మెచ్చుకున్నాడు, ఆటలో తొడుక్కునే డ్రస్సు ఒకటి కొనిపెట్టాడు. నెల తిరిగేసరికి ఒక గ్రూపులో చేర్చి, వీడినే అడ్మిన్ చేశాడు. అందులో ఒక మతంవాళ్లను పురుగుల్లా చూపించే వీడియోలు. రోజుకు పది ఫార్వర్డ్ చేయడం వీడి డ్యూటీ. “నేను అడ్మిన్ తాతయ్యా, నన్ను అడగందే ఎవర్నీ యాడ్ చేయరు” అన్నాడు గర్వంగా. ఆ ముఖం నేను ఎరుగుదును. మోచేతి దాకా తోసుకున్న వాచీ ముఖమది.

వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని నాలుగు తగిలించబోయాడు. నేను ఆపాను. లాక్కుంటే ఇంకో ఫోన్ దొరుకుతుంది, కోపం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. వారం రోజులు వాడి పక్కన కూర్చుని ఆ ఆట నాకు నేర్పమన్నాను. నేర్పుతూ నేర్పుతూ ఆ అన్న ఏమేం అడిగేవాడో ఒక్కొక్కటీ వాడే చెప్పాడు. నీ ఇల్లెక్కడ, మీ నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో నిన్నెవరు తిడతారు. చివరి ప్రశ్న చూశారా? ఆ గ్రూపులోంచి వాడంతట వాడే బయటికొచ్చాడు. గ్రూపు సంగతి వాళ్ల నాన్న సైబర్ పోలీసులకు రాసిచ్చాడు. నేను మాత్రం ఆ ఆటలో ఇప్పటికీ మొదటి నిమిషంలోనే చచ్చిపోతాను.

లొంగిపోయి వస్తున్నవాళ్ల గురించి ఒక మాట. పన్నెండేళ్లకు వెళ్లి ఇరవై నాలుగేళ్లకు వచ్చిన మనిషికి చెక్కు ఇచ్చి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపిస్తే సరిపోదు. వాళ్లకు అడవిలో దారులు తెలుసు, బ్యాంకులో ఫారం నింపడం తెలియదు. బోనఫైడ్ కోసం వచ్చిన ఆ యువకుడు సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. పార్టీలో ఉన్న పేరు రాయాలా, బళ్లో ఉన్న పేరు రాయాలా అని అడిగాడు. ఓపెన్ స్కూల్లో వాళ్లను కూర్చోబెట్టే ఓపిక ఎవరికైనా ఉంటే, రిటైరైన మాలాంటి టీచర్లం భద్రాచలంలో చాలామందిమి ఊరికే కూర్చుని ఉన్నాం. పిలిస్తే వస్తాం, జీతం అక్కర్లేదు. వచ్చినవాళ్లలో ఇంకా 18 నిండనివాళ్లుంటే వాళ్ల ముఖాలు, పేర్లు పత్రికల్లో వేయకూడదన్నది చట్టమే. మీకు తెలియనిది కాదు గానీ, ముసుగు లేకుండా వచ్చిన ఫొటోలు మీ పత్రికలో కూడా రెండుసార్లు చూశాను కాబట్టి రాస్తున్నాను.

చివరగా నా మనవి చిన్నదే. వచ్చేసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు వయసు పక్కన, ఎన్నేళ్లుగా అన్నదాని పక్కన, ‘చేరినప్పుడు వయసు’ అని ఇంకో అంకె వేయండి. ప్రెస్‌నోట్‌లో ఉండదు, మీ డెస్కులో ఎవరైనా పెన్సిల్ తీస్తే అర నిమిషం పని. వీలైతే నాలుగో అంకె కూడా, ఆ ఏడాది ఏ బడి రిజిస్టర్‌లో ఆ పేరు ఉందో. ఆ అంకె కోసం మీ విలేకరి మా పాత బడికి వెళ్లాల్సి వస్తే 2008 ఫిబ్రవరి, మార్చి పేజీలు చూడమనండి. అందులో ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉన్న పిల్లాడు ఒక్క రోజు కూడా మానలేదు. సంతకం నాదే.

ఇట్లు,
రిటైర్డ్ లెక్కల మాస్టారు,
భద్రాచలం.

(పేరు మీ రికార్డు కోసం కవరు మీద రాశాను. ప్రచురించవద్దని మనవి.)